ఒక్కో మెట్టూ ఎక్కే హీరోలు

పుట్టుకతోనే వీరుడైనవాడి కథలు బోలెడు చదివాం. ఏమీ చేతకానివాడు ఓడుతూ, నేర్చుకుంటూ, కొలిచినట్టుగా ఎదిగే కథలది ఇప్పుడు జోరు. ప్రొగ్రెషన్ ఫాంటసీ అనే ఈ నవలల కుప్పలో మనకు నచ్చేదాన్ని ఏరుకోవడం ఎలా?

వెయ్ షీ లిండన్ మెడలో వేలాడేది చెక్క బిళ్ల. వాళ్ల లోయలో పిల్లలందరికీ చిన్నతనంలోనే ఒక పరీక్ష పెడతారు. ఎవరి ఆత్మకు ఏ స్వభావం ఉందో చూసుకుని దానికి తగిన విద్య మొదలుపెడతారు. లిండన్ విషయంలో ఏదీ తేలలేదు. తోటివాళ్లు రాగి, ఇనుము అంటూ ఒక్కో స్థాయీ దాటి కొత్త బిళ్లలు వేసుకుంటుంటే, పదిహేనేళ్లొచ్చినా వాడికి ఆ చెక్కముక్కే గతి. వీడికి విద్య నేర్పడం దండగని పెద్దలు తేల్చేశారు. దాంతో మనవాడు పండగ పోటీల్లో పసిపిల్లల విభాగంలోకి దిగి, ఎనిమిదేళ్ల పిల్లల మీద తిమ్మిని బమ్మి చేసి గెలుస్తాడు. సిగ్గుపడాల్సిన గెలుపే. కానీ వాడికి అందుబాటులో ఉన్నది అదొక్కటే.

అమెరికా రచయిత విల్ వైట్ 2016లో సొంతంగా ప్రచురించుకున్న 'అన్‌సోల్డ్' నవల మొదలయ్యేది ఈ కుర్రాడితో. 'క్రేడిల్' పేరుతో ఆ కథ పన్నెండు పుస్తకాలు సాగి 2023లో 'వేబౌండ్'తో ముగిసింది. లిండన్ చివరికి ఎక్కడికి చేరతాడో మొదటి పుస్తకంలోనే పసిగట్టేయొచ్చు. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. గెలుస్తాడని ముందే తెలుసు. ఇంత చేతకానివాడు ఎలా గెలుస్తాడన్నదే తెలియదు.

ఈ తరహా కథలకు 'ప్రొగ్రెషన్ ఫాంటసీ' అన్న పేరు 2019 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. దాన్ని ప్రచారంలోకి తెచ్చిన ఆండ్రూ రో కూడా నవలాకారుడే, అంతకుముందు వీడియోగేముల రంగంలో పనిచేసినవాడు. సూత్రం చిన్నదే. హీరో శక్తి కథ సాగేకొద్దీ పెరగాలి. ఎంత పెరిగిందో పాఠకుడికి తెలుస్తుండాలి. కథకు అదే వెన్నెముక కావాలి. హ్యారీ పోటర్ కూడా ఆరేళ్లు బడికెళ్లి మంత్రాలు నేర్చుకున్నాడు కదా అనొచ్చు. నేర్చుకున్నాడు, కానీ ఆ కథ అతని చదువు గురించి కాదు. మన జానపదాలతో పోల్చినా తేడా తెలుస్తుంది. 'పాతాళభైరవి'లో తోటరాముడికి మహిమ బొమ్మ రూపంలో దొరుకుతుంది. బొమ్మ చేతిలో ఉన్నంతసేపూ మేడలు లేస్తాయి, పోతే పోతాయి. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి దాసరి సుబ్రహ్మణ్యం 'చందమామ'లో నడిపిన సీరియళ్లలో సాహసాలకు కొదవ లేదు. నెల తిరిగేదాకా పిల్లల్ని నిద్రపోనివ్వని మలుపులూ ఉన్నాయి. కానీ వాటిలో వీరులు కథ మొదట్లో ఎంతటివారో చివరా అంతటివారే. ప్రొగ్రెషన్ ఫాంటసీలో అది కుదరదు.

మన తెలుగిళ్లలోకి ఈ కథలు ముందు తెర మీద నుంచే వచ్చాయి. చుగాంగ్ అనే కలంపేరుతో రాసే కొరియన్ రచయిత 'సోలో లెవెలింగ్' నవల 2016లో మొదలైంది. వెబ్‌టూన్‌గా బొమ్మల్లోకి మారి, 2024 జనవరిలో జపాన్ యానిమేషన్‌గా వచ్చింది. ఆన్‌లైన్ వేదిక క్రంచీరోల్‌లో తెలుగు మాటలతోనూ ఉంది. అందులో సంగ్ జిన్‌వూ వేటగాళ్లందరిలోకీ బలహీనుడు. చిన్నపాటి వేటకు వెళ్లినా దెబ్బలు తగిలించుకుని వచ్చే రకం. చావు అంచుదాకా వెళ్లొచ్చాక అతని ఒక్కడికే స్థాయి పెంచుకునే అవకాశం దొరుకుతుంది. అది చూసేసిన కుర్రకారుకు తర్వాత వచ్చే సందేహం, ఇలాంటివి ఇంకేం ఉన్నాయని. జవాబుగా దొరికేది చాంతాడంత జాబితా. అందులో సగానికి ముఖచిత్రం ఒకటే: చేతిలో మంట, కళ్లలో నీలం వెలుగు, వెనకాల తుపాను. పేర్లు కూడా కవలపిల్లల్లా ఉంటాయి. ఏది తెరవాలి?

విశ్వామిత్రుడి దారి

ఆ సంగతికి ముందు చిన్న పక్కదారి. బాలకాండలో విశ్వామిత్రుడి కథను ఈ నవలలు చదివే కుర్రాడికి ఒకసారి చెప్పి చూడండి. రాజుగా వసిష్ఠుడి ఆశ్రమానికి వెళ్లి, గోవు కోసం తలపడి ఓడిపోతాడు. తపస్సు చేసి శివుడి దగ్గర అస్త్రాలన్నీ సంపాదించి మళ్లీ వస్తాడు. వసిష్ఠుడు బ్రహ్మదండం ఒక్కటి పట్టుకుని నిలబడితే ఆ అస్త్రాలన్నీ అందులో కలిసిపోతాయి. మళ్లీ తపస్సు. బ్రహ్మ వచ్చి 'రాజర్షి' అంటాడు. ఇంత చేస్తే ఇంతేనా అని కుమిలిపోతాడు. కూడబెట్టిన తపస్సు త్రిశంకుడి కోసం ఖర్చవుతుంది. 'ఋషి' అయ్యాక మేనక దగ్గర పదేళ్లు పోతాయి. 'మహర్షి' అయ్యాక రంభ మీద కోపంతో మరికొంత కరిగిపోతుంది. చివరికి 'బ్రహ్మర్షి' అయినా వసిష్ఠుడి నోట ఆ మాట వినేదాకా మనసు కుదుటపడదు.

స్థాయిలున్నాయి, వాటికి పేర్లున్నాయి. ఒక్కో స్థాయిలోనూ కొత్తరకం ఆటంకం ఉంది. మొదటిసారి బలం చాలక ఓడాడు, తర్వాత కోరికకు, ఆ తర్వాత కోపానికి. సంపాదించింది పోగొట్టుకున్న ప్రతిసారీ దిక్కు మార్చి మళ్లీ మొదటినుంచి కూర్చున్నాడు. దిక్కు దిక్కుకీ మనిషి మారాడు. మంచి ప్రొగ్రెషన్ ఫాంటసీకీ చెడ్డదానికీ తేడా నాకు ఇక్కడే కనిపిస్తుంది. చెడ్డ నవలలో హీరో పెరుగుతాడు, అంతే. మంచి నవలలో పెరగడానికి ఏదో ఒకటి చెల్లిస్తాడు, పెరిగాక అతని సమస్య మారుతుంది. పాత సమస్యే పెద్ద సైజులో వస్తే మీరు పదో పుస్తకంలో ఉన్నా రెండోదే మళ్లీ చదువుతున్నట్టు.

'క్రేడిల్' ఈ పరీక్షలో నెగ్గుతుంది. పచ్చరాతి బిళ్ల వేసుకున్నవాడంటే ఆ లోయలో అందరూ దండం పెట్టే పెద్ద. లోయ దాటి బయటకొచ్చాక లిండన్‌కి తెలుస్తుంది, బయటి ప్రపంచంలో ఆ స్థాయి పిల్లకాయలదని. శిఖరమనుకున్నది గుమ్మం అవుతుంది. ఇలా ప్రపంచం ఒక్కసారిగా విచ్చుకోవడం పన్నెండు పుస్తకాల్లో పలుమార్లు జరుగుతుంది, ప్రతిసారీ కాస్త ఒళ్లు జలదరిస్తుంది. పక్కన నడిచే యెరిన్, ఎయితన్ కూడా హీరో వెనకాల చప్పట్లు కొట్టేవాళ్లు కారు, వాళ్ల ఎదుగుదల వాళ్లకుంది. అయితే మొదటి పుస్తకం నెమ్మదిగా నడుస్తుంది. మూడోదైన 'బ్లాక్‌ఫ్లేమ్' దాకా ఓపిక పట్టినవాళ్లే దీని గురించి ఊరంతా చెప్పుకుంటారు.

నెల రోజులు, మళ్లీ మొదటి నుంచి

ఈ మొత్తం సాహిత్యంలో ఒక్కటే చదువుతానంటే నేను చేతిలో పెట్టేది 'మదర్ ఆఫ్ లెర్నింగ్'. రాసింది క్రొయేషియావాసి డొమగోయ్ కుర్మాయిచ్. మాతృభాష కాని ఇంగ్లీషులో 2011లో ఆన్‌లైన్‌లో మొదలుపెట్టి, అధ్యాయానికీ అధ్యాయానికీ వారాల తరబడి వ్యవధి ఇస్తూ, 2020 ఫిబ్రవరిలో ముగించాడు. పాఠకులు ఎనిమిదేళ్లకు పైగా ఎదురుచూశారంటే ఆ కథలో ఏదో ఉండాలి కదా.

జోరియన్ మంత్రవిద్యల కళాశాలలో మూడో ఏడాది విద్యార్థి. మొహం ముడుచుకుని ఉండే రకం. పేరు మోసిన పెద్దన్న నీడలో పెరిగాడు, ఇంట్లోవాళ్లంటే పడదు. పొద్దున్నే మీదకు దూకి నిద్రలేపే చెల్లెలు కిరియెల్ అంటే మరీ చిరాకు. వేసవి పండగ రాత్రి అతను చదివే ఊరి మీద శత్రువులు దాడి చేస్తారు. జోరియన్ చచ్చిపోతాడు. కళ్లు తెరిస్తే నెల వెనక్కి వెళ్లి ఉంటాడు, చెల్లెలు మీదకు దూకి లేపుతుంటుంది. ఆ నెల మళ్లీ జరుగుతుంది. ఆ తర్వాతా మళ్లీ. అతనితో పాటు ఆ సుడిలో చిక్కిన సహపాఠి జాక్‌కి మంత్రశక్తి బావిలా ఊరుతుంది. జోరియన్‌కి ఉన్నది చారెడు.

చారెడుతో ఏం చేయగలడు? పొదుపుగా, పొల్లుపోకుండా చేయడం నేర్చుకుంటాడు. దానికి అతనికి దొరికిన గురువు జ్విమ్. ఈ పాత్రను నేను మరిచిపోలేను. మంత్రంతో వస్తువును తేల్చమంటాడు. తేలుస్తాడు. తప్పు, మళ్లీ మొదలుపెట్టమంటాడు. మధ్యలో ధ్యాస చెదరగొట్టడానికి గోళీలు విసురుతాడు. కుర్రాడు పళ్లు నూరుకుంటాడు. కాలం తిరుగుతూనే ఉంటుంది గనక, ఆ విసిగించే అభ్యాసాన్నే ఏళ్ల తరబడి చేస్తాడు. చివరికి ఆ పునాదే అతన్ని నిలబెడుతుంది. మన సంగీతం మాస్టార్లు సరళీ స్వరాల దగ్గరే నెలల తరబడి కూర్చోబెడతారే, అదే పట్టుదల.

పైకి ఇది మంత్రాల లెక్క. లోపల జరిగేది వేరే. ప్రతి నెలాఖరుకీ జాక్ తప్ప అతను స్నేహం చేసుకున్న ప్రతి మనిషీ అతన్ని మరిచిపోతారు. గుర్తుండేది వాళ్లిద్దరికే. ఒక్కో నెలలో ఒక్కొక్కరి కష్టం తెలుసుకుంటాడు, మరుసటి నెల వాళ్లు కొత్త ముఖాలతో ఎదురవుతారు. ఎవరినీ పట్టించుకోనివాడు మెల్లమెల్లగా పట్టించుకునేవాడవుతాడు. మొదట్లో వదిలించుకుని రైలెక్కిన చెల్లెల్ని తర్వాతి నెలల్లో తానే వెంటబెట్టుకుని తీసుకెళ్తాడు. ఇది ఏ పట్టికలోనూ కొలవలేని స్థాయి. నేలకింద ఉండే, మనసులతో మాట్లాడే పెద్ద సాలీళ్ల దగ్గర అతను విద్య నేర్చుకునే ఘట్టాలు ఇంకా బాగుంటాయి. వాటి గురించి ఇంతకంటే చెబితే కథ చెడుతుంది.

లోపమూ చెప్పాలి. నడిమి భాగంలో వనరుల సేకరణ, పథకాల చర్చ కాస్త ఎక్కువవుతుంది. మాటల్లో సొగసు వెతికేవాళ్లకు నిరాశే. ఇప్పుడిది నాలుగు సంపుటాలుగా పుస్తక రూపంలోనూ దొరుకుతుంది. అన్నిటికీ మించి, ముగిసిన కథ. ఈ రంగంలో అది పెద్ద సుగుణం.

పేజీకింత, అక్షరానికింత

ఎందుకంత పెద్ద సుగుణమో తెలియాలంటే డబ్బు ఎటునుంచి వస్తుందో చూడాలి. చైనాలో 2002లో పుట్టిన 'చీడియన్' అనే సాహిత్య వేదిక మరుసటి ఏడాది కొత్త పద్ధతి పెట్టింది. మొదటి అధ్యాయాలు ఉచితం. ఆపైన వెయ్యి అక్షరాలకు ఇంతని కొద్ది పైసలు. పాఠకుడికి భారం లేదు, రచయితకు మాత్రం అక్షరాలు పెరిగేకొద్దీ ఆదాయం. రోజుకో అధ్యాయం, ఏళ్ల తరబడి. ఒక్కో నవల వెయ్యి అధ్యాయాలు దాటడం అక్కడ మామూలైపోయింది. ఇంగ్లీషు పాఠకులకు వీటిని అలవాటు చేసినవాళ్లలో ముందుగా చెప్పాల్సింది 2014 చివర్లో మొదలైన 'వుక్సియావరల్డ్'ని. పెట్టింది అమెరికా దౌత్య ఉద్యోగం చేసిన ఒక అనువాదకుడు.

అమెజాన్ చందా పథకం కిండిల్ అన్‌లిమిటెడ్‌లో 2015 నుంచి రచయితకు చదివిన పేజీల లెక్కన డబ్బొస్తుంది. అక్కడా అదే తీరు: పేజీలు పెరిగితే మంచిదే. కొత్త రచయితలు ఎక్కువగా రాసే 'రాయల్ రోడ్' వేదికలో చదవడం ఉచితం. రాబోయే అధ్యాయాలు ముందే కావాలనుకునే అభిమానులు పేట్రియాన్‌లో నెలకింతని ఇస్తారు. కథ ముగిస్తే ఆ నెలసరి ఆదాయం ఆగిపోతుంది. ఇక ముగించాలని ఏ రచయితకు మాత్రం ఎందుకనిపిస్తుంది? ఆదరణ బాగుంటే సాగదీయడం మన వారపత్రికల సీరియళ్లకూ తెలిసిన విద్యే. కాకపోతే వాళ్లకు ఎడిటర్ ఉండేవాడు, పేజీల హద్దుండేది.

చాలా నవలలు మొదటి వంద అధ్యాయాలు పరుగులు తీసి ఆ తర్వాత చతికిలపడేది ఇందుకే. రేటింగులు నమ్మి మోసపోయేదీ ఇక్కడే. విసుగెత్తినవాళ్లు చెప్పాపెట్టకుండా మానేస్తారు. ఐదొందలో అధ్యాయం దగ్గర మిగిలేది వీరాభిమానులే, వాళ్లు వేసే చుక్కలు ఎప్పుడూ ఐదే. అందుకే నేను సగటు చూడను, రెండు చుక్కలు మూడు చుక్కలు వేసినవాళ్లు రాసింది చదువుతాను. 'పట్టికలు మరీ ఎక్కువ' అని ఒకరు తిడితే అది ఇంకొకరికి ఆహ్వానం కావచ్చు. 'నాలుగో పుస్తకం నుంచి ఒకటే కొట్లాట' అన్నమాట మాత్రం దాదాపు అందరికీ హెచ్చరికే.

ఇంకో చిన్న సంగతి. రాయల్ రోడ్‌లో ఉచితంగా చదువుతున్న కథ ఒకరోజు మొదటి అధ్యాయాలు తప్ప మాయమైపోతే కంగారు పడకండి. కిండిల్ అన్‌లిమిటెడ్‌లో చేర్చాలంటే ఆ డిజిటల్ ప్రతి ఇంకెక్కడా ఉండకూడదన్నది అమెజాన్ షరతు. పుస్తకం రాబోతోందని దానర్థం.

అంకెలు, పీఠాలు, బళ్లు

ఈ కథల్లో స్థూలంగా మూడు గోత్రాలున్నాయి. మీది ఏదో తెలిస్తే వెతుకులాట సగం తగ్గుతుంది.

మొదటిది లిట్‌ఆర్‌పీజీ. 1974లో అమెరికాలో వచ్చిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆట నుంచి స్థాయిలు, అనుభవ పాయింట్లు వీడియోగేముల్లోకి పాకాయి, అక్కడి నుంచి నవలల్లోకి వచ్చాయి. లిట్‌ఆర్‌పీజీ అన్న పేరు రష్యాలో 2013లో పుట్టింది. కథ మధ్యలో పెట్టె కట్టి 'బలం ఇంత, చురుకుదనం ఇంత, కొత్త విద్య దొరికింది' అని కనిపిస్తుంటుంది. నాకు దీనితో కొంచెం పేచీ ఉంది. పట్టికలన్నీ తీసేసి చదివినా కథ నిలబడితే అది మంచి నవల. చాలావాటిలో పట్టికలు తీసేస్తే మిగిలేది అట్ట.

నిలబడేదానికి ఉదాహరణ మాట్ డినిమన్ రాసిన 'డంజన్ క్రాలర్ కార్ల్'. చలికాలం రాత్రి సియాటిల్‌లో కార్ల్ అనేవాడు లోదుస్తులు, తోలు జాకెట్, గులాబీరంగు క్రాక్స్‌తో వీధిలోకొస్తాడు. విడిపోయిన గర్ల్‌ఫ్రెండ్ పిల్లి బయటకు దూకింది మరి. సరిగ్గా అప్పుడే భూమ్మీది కట్టడాలన్నీ కుప్పకూలుతాయి. గ్రహాంతర కంపెనీ ఒకటి భూమిని స్వాధీనం చేసుకుని, బతికినవాళ్లను పద్దెనిమిది అంతస్తుల పాతాళంలోకి తోలి, వాళ్ల చావుబతుకులను విశ్వమంతటికీ రియాలిటీ షోగా చూపిస్తుంటుంది. ప్రిన్సెస్ డోనట్ అనే ఆ పర్షియన్ పిల్లికి మాటలొస్తాయి, కార్ల్ కంటే పేరూ వస్తుంది. ఇందులో అంకెలకు అర్థముంది. ఎంతమంది చూస్తున్నారు, ఎంతమంది ఫాలో అవుతున్నారు అన్నదాన్ని బట్టి బహుమతులొస్తాయి, ప్రాణం నిలుస్తుంది. మన ఫోన్లలో జరుగుతున్నదే అక్కడ రక్తం చిందిస్తూ జరుగుతుంది. 2020లో సొంతంగా అచ్చేసుకున్న ఈ నవలను 2024లో పెద్ద ప్రచురణసంస్థ ఏస్ బుక్స్ గట్టి అట్టతో తెచ్చింది. బూతులు, హింస దండిగా ఉంటాయి. బడి పిల్లల చేతికి ఇవ్వకండి.

సంఖ్యలంటే గిట్టకపోయినా లెవెళ్లున్న కథ కావాలంటే 'ది వాండరింగ్ ఇన్' ఉంది. పైరేటబా అనే కలంపేరుతో 2016 నుంచి సాగుతున్న ఈ కథ కోటి పదాలు ఎప్పుడో దాటేసింది. హీరోయిన్ ఎరిన్ కత్తి పట్టదు, సత్రం నడుపుతుంది. వంట చేసి, నేల తుడిచి, వచ్చినవాళ్లతో చదరంగం ఆడి స్థాయి పెంచుకుంటుంది. ఆడవాళ్లు కేవలం అలంకారంగానో బహుమానంగానో కనిపించే ఈ రంగంలో ఇది పెద్ద ఊరట. ఒకే హీరో చుట్టూ ఆడవాళ్ల గుంపును తిప్పే 'హేరమ్' అనే ముద్ర ఉన్న నవలలకు నేను ఆమడ దూరం.

రెండో గోత్రం చైనావాళ్లది, షియెన్‌షియా. ప్రాణశక్తిని నాభి దగ్గర కూడగట్టడం, పునాది వేసుకోవడం, దాన్ని బంగారు గుళికగా మార్చడం, అందులోంచి ఆత్మశిశువు పుట్టడం, అలా అమరత్వం దాకా. ఇవి నవలాకారులు కల్పించిన మెట్లు కావు, తావో మతంలోని అంతర రసవిద్య పరిభాష నుంచి తీసుకున్నవి. కుండలిని, షట్చక్రాలు వింటూ పెరిగినవాళ్లకు కొత్తగా అనిపించవు. వీటిలో పాడిందే పాటగా వచ్చే సన్నివేశం ఒకటుంది. పొగరుబోతు చినబాబు హీరోని అవమానిస్తాడు, దెబ్బలు తింటాడు. వాడి కోసం అన్న వస్తాడు. అన్న కోసం గురువు వస్తాడు, గురువు కోసం గుహలో తపస్సులో ఉన్న ముత్తాత లేస్తాడు. మన ఫ్యాక్షన్ సినిమాలు గుర్తొస్తే మీ తప్పేం లేదు.

ఈ గోల లేని షియెన్‌షియా కావాలంటే వాంగ్ యూ నవలకు రండి. ఇంగ్లీషులో దాని పేరు 'ఎ రికార్డ్ ఆఫ్ ఎ మోర్టల్స్ జర్నీ టు ఇమ్మోర్టాలిటీ'. 2008లో మొదలైంది. హాన్ లీ పల్లెటూరి పేదపిల్లాడు, ప్రతిభ అంతంతమాత్రం. వాడి చేతికి చిక్కింది మొక్కల్ని త్వరగా పెంచే చిన్న సీసా ఒక్కటే. దాని సంగతి పొరపాటున కూడా ఎవరికీ చెప్పడు. గెలవలేనని తెలిస్తే నిలబడడు, పరుగెత్తుతాడు. పరువు కోసం ప్రాణమిచ్చే వీరుల మధ్య ఈ జాగ్రత్తపరుడు ఎంత హాయిగా ఉంటాడో! నిడివి మాత్రం భయపెడుతుంది.

ఎదగడానికి చెల్లించే మూల్యం చూడాలంటే 'లార్డ్ ఆఫ్ ద మిస్టరీస్'. 2018 నుంచి 2020 దాకా దాదాపు 1,400 అధ్యాయాలుగా వచ్చింది. రచయిత కలంపేరు 'డైవింగ్ అంటే ఇష్టపడే కటిల్‌ఫిష్'. గ్యాస్‌దీపాలు, ఆవిరి యంత్రాలున్న లోకంలో తలలో తుపాకీ గాయంతో మేలుకుంటాడు క్లైన్ మొరెట్టి. అక్కడ శక్తి కావాలంటే ఒక రసాయనం తాగాలి. తాగితే సరిపోదు, ఆ పాత్రను బతుకులో పోషించాలి. జ్యోతిష్కుడి రసాయనం తాగితే జ్యోతిష్కుడిలానే నడుచుకోవాలి. పాత్ర ఒంటికి పట్టకపోతే మనిషి రాక్షసుడైపోతాడు. ప్రతి మెట్టు దగ్గరా ఆ భయం వెన్నాడుతూనే ఉంటుంది. మొదటి యాభై అధ్యాయాల్లో పేర్లు, చరిత్ర బరువుగా ఉంటాయి. ఆ గడప దాటండి.

ఇవి ఒకటిరెండు చదివాక, ముందు మాత్రం కాదు, 'బివేర్ ఆఫ్ చికెన్' తీయండి. షియెన్‌షియా లోకంలో పడ్డ ఒక కెనడా యువకుడు విద్య నేర్పే పీఠంలోని రాజకీయాలు చూసి హడలిపోయి, అందరూ చిన్నచూపు చూసే మారుమూల ప్రాంతంలో పొలం కొనుక్కుని వరి వేస్తాడు. శ్రద్ధగా చూసుకున్న నేల తిరిగి శక్తినిస్తుంది. అందులో పండింది తిన్న కోడిపుంజుకు జ్ఞానోదయమై, తెల్లవారగట్ల యుద్ధవిద్యల సాధన మొదలుపెడుతుంది. దుక్కి, నాట్లు తెలిసిన మనవాళ్లకు ఇందులో నవ్వు ఇంకో పాలు ఎక్కువ దొరుకుతుంది.

మూడో గోత్రం బడిది. జాన్ బియర్స్ 'మేజ్ ఎరంట్' ఏడు పుస్తకాల్లో ముగిసిన కథ. హ్యూ అనే కుర్రాడు తనకు మంత్రవిద్య అబ్బదని నమ్మేశాడు. గ్రంథాలయంలో పనిచేసే ఒక గురువు చూసి చెబుతాడు, అబ్బకపోవడం కాదు, నీకు సరిపడని విద్య నేర్పారని. అతనితో పాటు ఇంకో ముగ్గురు, ఒక్కొక్కరిదీ ఒక్కో తీరు. మొదటి పుస్తకం ఆలోచనలో కాస్త పిల్లల పుస్తకంలా ఉంటుంది, అదీ మంచికే. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లలతో మొదలుపెట్టించడానికి ఇంతకంటే మంచిది నాకు తెలియదు. లెక్కలు, ఇంజినీరింగు బుర్రలకు ఆండ్రూ రో 'సఫిషియంట్లీ అడ్వాన్స్‌డ్ మ్యాజిక్' (2017) నచ్చుతుంది. తప్పిపోయిన అన్న కోసం గోపురంలోకి వెళ్లిన కారిన్ ప్రతి మంత్రాన్నీ విప్పి, కొలిచి, మళ్లీ బిగిస్తాడు. మిగతావాళ్లకు నిద్రొస్తుంది.

నెలవారీ వాయిదాలు కట్టేవాళ్ల కోసం సారా లిన్ 'స్ట్రీట్ కల్టివేషన్' రాసింది. ఆ లోకంలో ప్రాణశక్తే డబ్బు. ఉన్నవాడి పిల్లలకు పుట్టగానే పెట్టుబడి ఉంటుంది. హీరో రిక్ లేనివాడు. చెల్లెల్ని చూసుకుంటూ, అప్పులు లెక్కపెట్టుకుంటూ బలం కూడగట్టుకుంటాడు. మూడు పుస్తకాలే.

వారం రోజుల సెలవుంటే 'మేజ్ ఎరంట్', రోజూ గంట బస్సు ప్రయాణముంటే 'క్రేడిల్' ఆడియో. పట్టికలున్న నవలల్ని మాత్రం ఆడియోలో వినకండి, అంకెలు చదివి వినిపిస్తుంటే దుకాణం పద్దు విన్నట్టుంటుంది. 'డంజన్ క్రాలర్ కార్ల్' దీనికి మినహాయింపు. జెఫ్ హేస్ గొంతులో పిల్లి పలికే తీరు కోసమైనా వినాలి.

వరసగా నాలుగైదు నవలామాలలు చదివాక మొహం మొత్తడం ఖాయం. దానికీ మందుంది. 'క్రేడిల్' పుస్తకాలకు గొంతిచ్చిన ట్రావిస్ బాల్డ్రీ 2022లో తానే రాసిన ఒక నవల తెచ్చాడు, 'లెజెండ్స్ అండ్ లాటేస్'. అందులో వివ్ అనే ఓర్క్ వనిత యుద్ధాలు చాలించి, కత్తిని గోడకు తగిలించి, కొత్త ఊళ్లో కాఫీ హోటల్ పెడుతుంది. స్థాయిల్లేవు, అంకెల్లేవు. ఆమెకు మొదట ఎదురయ్యే గట్టి సవాలల్లా, ఆ ఊళ్లో ఎవరూ కాఫీ అన్న మాటే విని ఉండకపోవడం.